కాగితం మీద మూడక్షరాలు

మా అక్క ఇంట్లో ఒక ట్రంకుపెట్టె ఉంది. రేషన్ కార్డు, పొలం పాసు పుస్తకం, పిల్లల మార్కుల జాబితాలు, బావ ఎల్లైసీ బాండ్లు... అన్నీ అందులోనే, ఒకే ప్లాస్టిక్ కవర్లో. 2018 ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఆ కవర్ విప్పి, అడుగున ఉన్న ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. మడతల దగ్గర చిరిగిపోయి నాలుగు ముక్కలయ్యేట్టు ఉంది.

"ఇదిగోమే, నా ఆపరేషన్ కాగితం. ఇరవై ఏళ్లయింది. ఏం రాసుండాదో చూడు" అంది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. మా వెంకటాచలం మండలంలోనే, సర్వేపల్లి వైపు పల్లెలో ఉంటుంది. 1998లో, 29వ ఏట గర్భసంచి తీయించుకుంది. అప్పటికి ఇద్దరు పిల్లలు, పిల్లల ఆపరేషన్ అయిపోయి ఏడేళ్లు. తెల్లబట్ట అవుతోందని డాక్టరు దగ్గరికి పోతే, సంచి పుండయింది, ఉంచితే క్యాన్సర్‌కు తిరుగుతుందని చెప్పారట. బావ రెండు బర్రెల్ని అమ్మి ఆపరేషన్ చేయించాడు.

కాగితం మీద ఇంగ్లీషు గొలుసుకట్టు రాత. చివర్లో ఒకే ఒక్క లైను: టి.ఏ.హెచ్., పక్కన ప్లస్ గుర్తు, ఆ పక్కన బి.ఎస్.ఓ. నెల రోజులుగా డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నదాన్ని కాబట్టి ఆ అక్షరాలు నాకు అప్పటికే తెలుసు. మొదటిది, పొట్ట కోసి గర్భసంచిని ముఖద్వారంతో సహా తీసేయడం. రెండోది, రెండు వైపులా ట్యూబుల్నీ అండాశయాల్నీ కూడా తీసేయడం.

"అక్కా, నీ అండాశయాలు కూడా తీసేశారు. నీకు చెప్పారా?"

"అవి యాడుంటాయిమే?" అంది అక్క.

ఆ ప్రశ్నకు నాకు నవ్వు రాలేదు. పదిహేనేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్న నాకు కూడా, రెండు నెలల ముందు అడిగి ఉంటే, అవి ఎక్కడుంటాయో వేలు పెట్టి చూపించడం చేతనయ్యేది కాదు.

* * *

నా సంగతి చెప్పాలి. అప్పుడు నాకు 44 ఏళ్లు. మూడేళ్లుగా నెలసరి అంటే భయం. నాలుగు రోజులది పది రోజులయింది, పది పన్నెండయింది. బీరువాలో లేత రంగు చీరలన్నీ అడుగుకు పోయి, ముదురు నీలం, మెరూన్, నలుపు పైకొచ్చాయి. బోర్డు వైపు తిరగాలంటే వెనక బెంచీ పిల్లలు చూస్తారేమోనని బెదురు. బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్లేదాన్ని. ఒకరోజు టోల్‌గేటు దగ్గర బస్సు దిగి రోడ్డు దాటబోతూ కళ్లు తిరిగి డివైడర్ మీద కూర్చుండిపోయాను. అటూ ఇటూ లారీలు. మా ఊరి సంగతి తెలిసినవాళ్లకు అదెంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 6.8. స్కానింగ్‌లో తొమ్మిది సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. అంతకుముందే రక్తం తగ్గడానికి మాత్రలు వాడాను, హార్మోను ఉండే మిరెనా లూపు వేయించుకున్నాను. గడ్డ తోసేసిందో ఏమో, రెండో నెలకే అది జారిపోయింది. గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ లేదన్నారు. గడ్డ ఒక్కదాన్నే తీసే ఆపరేషన్ ఉంటుందనీ, గడ్డకు రక్తం అందకుండా చేసే పద్ధతి పెద్ద ఊళ్లలో ఉందనీ తెలుసుకున్నాను. పిల్లలు కావాలనుకునే వయసు దాటింది, మళ్లీ గడ్డలు రావచ్చన్న భయం ఉంది. సంచి తీయించుకోవడానికే మనసు సిద్ధపడింది. అందులో నాకు పశ్చాత్తాపం లేదు. అవసరం లేని ఆపరేషన్లు ఎన్ని జరుగుతున్నా, అవసరమైనవాళ్లకు ఇది ప్రాణం నిలబెట్టే ఆపరేషనే.

నెల్లూరు పొగతోటలో మొదట చూపించుకున్న నర్సింగ్‌హోమ్‌లో డాక్టరు గారు మంచి మాటకారి. "రెండు కాన్పులయ్యాయి. ఇంకెందుకమ్మా అవి? ఎలాగూ పొట్ట తెరుస్తున్నాం. సంచీ, అండాశయాలూ అన్నీ తీసేస్తే ఇక జన్మలో మా ముఖం చూడక్కర్లేదు" అన్నారు నవ్వుతూ.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చింది. మూడేళ్లు రక్తంతో విసిగిపోయిన మనిషికి 'అన్నీ' అన్న మాట ఎంత హాయిగా ఉంటుందో! మా అత్తమ్మదీ అదే మాట: "పిల్లలు పుట్టేశారు గదా, ఇంక ఆ సంచితో పనేముంది? దులుపుకుంటే పోలా?" వచ్చే సోమవారం అడ్మిట్ అవుతానని చెప్పి, అడ్వాన్సు కట్టి ఇంటికొచ్చాను.

ఆ ఆదివారమే అక్కను చూడ్డానికి వెళ్లింది. ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు పడుకోవాలి, బరువులు ఎప్పుడు ఎత్తొచ్చు అని అడుగుదామని. అక్కకు అప్పటికి 49. అంతకు మూడేళ్ల ముందు, తడి గచ్చు మీద జారి చెయ్యి ఊనితే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు. "నా వయసోళ్లు ఇంకా నాట్లకు పోతన్నారు, నాకే ఈ రాత" అనేది. ఆపరేషన్ అయిన మూడు నెలలకే ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, ఊరికే ఏడుపు. ముప్పై ఏళ్ల పిల్లకు ఇవన్నీ ఏమిటో ఇంట్లోవాళ్లకు అర్థం కాలేదు. గాలి సోకిందన్నారు. కసుమూరు దర్గాలో తాయెత్తు కట్టించారు, గొలగమూడిలో మూడు రాత్రులు నిద్ర చేయించారు. బావ మంచివాడు కాబట్టి సరిపోయింది.

ఆ ఆవిర్లకూ ఈ మణికట్టుకూ కారణం కాగితం మీదున్న మూడక్షరాలని ఇరవై ఏళ్లు ఎవరూ అక్కకు చెప్పలేదు. నేను సోమవారం అడ్మిట్ కాలేదు. అడ్వాన్సు పోయింది.

* * *

అక్కలాంటి వాళ్లు మనలో ఎంతమంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లోనూ, మళ్లీ 2019-21లోనూ లెక్క తీసింది. 15 నుంచి 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద వందకు ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో వందకు దాదాపు తొమ్మిది మంది. తెలంగాణ మన వెనకే ఉంది. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. మెదక్ జిల్లా పల్లెల్లో ఈ ఆడవాళ్లను కలిసి, వాళ్ల కథలు రాసి, అవసరం లేకుండా తీసేస్తున్నారని గొంతెత్తిన హైదరాబాదు డాక్టర్లు కామేశ్వరి, ప్రకాశ్. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఈ ఆపరేషన్లు మరీ ఎక్కువయ్యాయన్న గోలతో, కొన్నాళ్లకు ఆ పథకం కింద దీన్ని ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తప్పించి ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించింది.

ఇదంతా సంచి గురించి. సర్వేకొచ్చినవాళ్లు సంచి తీయించుకున్నావా, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని అడుగుతారు. దాంతోపాటు ఇంకేం పోయాయని అడగరు. అడిగినా అక్క ఏం చెప్పగలదు?

* * *

మా వైపు వాళ్లకు రెండో అభిప్రాయం అంటే చెన్నై. మా అమ్మకు అది ఇప్పటికీ మద్రాసే. మావారు, నేను నెల్లూరులో పినాకిని ఎక్కి వెళ్లాం. ఆ డాక్టరమ్మకు అరవై దాటి ఉంటాయి, తెలుగు వచ్చు. రిపోర్టులన్నీ చూశాక, మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. తలకిందులుగా పెట్టిన జామకాయ. అది గర్భసంచి. కింద సన్నటి కొస ముఖద్వారం. రెండు వైపులా చేతులు చాచినట్టు ట్యూబులు. ఆ చేతుల చివర బాదం గింజలంత అండాశయాలు.

"సంచి తీయాలి, సరే. ముఖద్వారం ఉంచాలా? ట్యూబులు ఉంచాలా? అండాశయాలు ఉంచాలా? ఇవి మూడూ వేరే వేరే ప్రశ్నలమ్మా. ఒక్కోదానికి నువ్వు జవాబు చెప్పాలి. నేను సాయం చేస్తాను" అన్నారు.

మొదట అండాశయాలు. గర్భసంచి పోతే ముట్టు ఆగుతుంది, అంతే. అండాశయాలు మాత్రం వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి. ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి. ఎముక గట్టిదనం, రక్తనాళాల మెత్తదనం, నిద్ర, మనసు నిలకడ... అన్నిటికీ దానితో పని. మామూలుగా అది నాలుగైదేళ్లపాటు మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది. 44 ఏళ్లకు రెండు అండాశయాలూ తీసేస్తే ఒక్క రాత్రిలో ఆగిపోతుంది. అలా తీయక తప్పనివాళ్లకు, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను మందు ఇవ్వడం పద్ధతి. అక్కకు ఒక్క మాత్ర ఇవ్వలేదు.

"మరి అండాశయానికి క్యాన్సర్ వస్తే?" అని మావారు అడిగారు.

ఆవిడ తీసిపారేయలేదు. రావచ్చు అన్నారు. కానీ మన దేశంలో జీవితం మొత్తమ్మీద అది వచ్చేది నూటికి ఒకరిలోపే. గుండెజబ్బుతో పోయే ఆడవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. అమెరికాలో నర్సుల మీద 1976 నుంచి జరుగుతున్న పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో గర్భసంచి తీయించుకున్న 29,380 మందిని 24 ఏళ్లపాటు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్లలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు తగ్గాయి. గుండెజబ్బులు పెరిగాయి, మొత్తమ్మీద మరణాలూ పెరిగాయి. ఏ వయసులో తీసినా ఆయుష్షు పెరిగిన దాఖలా కనపడలేదు. ఇది గమనించి చెప్పిన లెక్కే తప్ప, చీటీలు వేసి సగం మందికి తీసి, సగం మందికి ఉంచి చేసిన పరీక్ష కాదని ఆవిడే చెప్పారు. లెక్కల టీచర్ని కాబట్టి ఆ తేడా చెప్పినందుకు ఆవిడ మీద నమ్మకం పెరిగింది.

ఇంట్లో ఎవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయా అని గుచ్చి గుచ్చి అడిగారు. వంశంలో ఆ జన్యులోపం ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుందట. హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ 2013లో రొమ్ములు, 2015లో అండాశయాలు తీయించుకున్నది అందుకే. ఆమె తల్లి ఆ జబ్బుతోనే పోయింది. మా అమ్మ వైపు, నాన్న వైపు అలాంటివి లేవు.

ఇంకో మాట కూడా దాచలేదు. ఉంచినంత మాత్రాన అవి పూర్తికాలం పనిచేస్తాయని హామీ లేదు. సంచి పోయాక అండాశయాలు మూడు నాలుగేళ్లు ముందుగానే ఉడిగిపోవచ్చు. కొద్దిమందికి తర్వాత వాటికే జబ్బు చేసి మళ్లీ కోయాల్సి రావచ్చు. "ఆ కొద్దిమందిలో నువ్వు ఉండవని నేను రాసివ్వలేను" అన్నారు.

ట్యూబుల దగ్గర పెద్దగా ఆలోచించలేదు. అండాశయ క్యాన్సర్‌గా పేరుపడినవాటిలో చాలావాటికి పుట్టిల్లు ట్యూబుల చివరి అంచేనని ఇప్పుడు తేలిందట. కెనడాలో బ్రిటిష్ కొలంబియా డాక్టర్లు 2010 నుంచే, సంచి తీసేటప్పుడు అండాశయాలు ఉంచి ట్యూబులు మాత్రం తీసేయమని చెబుతున్నారు. పిల్లల ఆపరేషన్‌లో కోసి ముడేసిన ట్యూబులే గదా, పోతే పోనీ అనుకున్నాను.

* * *

నన్ను తిప్పలు పెట్టింది ముఖద్వారం.

స్టాఫ్‌రూమ్‌లో ఒక సీనియర్ మేడమ్, నేను చెన్నై వెళ్లొచ్చానని తెలిసి, ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, "కింద మూతి మాత్రం ఉంచుకో. అది తీసేస్తే మొగుడూ పెళ్లాల మధ్య ఇంకేమీ మిగలదు" అంది. ఆవిడ మేలు కోరే చెప్పింది. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మావారితో అనలేను, అమ్మతో అసలు అనలేను. చివరికి చెన్నై డాక్టరమ్మకు ఫోన్ చేసి, డాబా మీదికి వెళ్లి, గొంతు తగ్గించి అడిగాను. పెళ్లయి 22 ఏళ్లయినా ఆ ప్రశ్న నోటికి రావడానికి అంత అవస్థ. ఆవిడ మాత్రం ధర చెప్పినట్టు మామూలుగా చెప్పారు.

ఆ నమ్మకం గాలిలోంచి పుట్టలేదట. ముఖద్వారం ఉంచితే దాంపత్య జీవితం బాగుంటుందని 1980ల్లో ఫిన్లాండ్ నుంచి అధ్యయనాలు వచ్చాయి. దాంతో చాలా దేశాల్లో ఆడవాళ్లు ఉంచమని అడగడం మొదలుపెట్టారు. తర్వాత లండన్‌లో రెండు ఆసుపత్రుల వాళ్లు 279 మందిని తీసుకుని, ఎవరికి ఉంచాలో ఎవరికి తీయాలో చీటీల పద్ధతిలో తేల్చి ఆపరేషన్లు చేశారు. 2002లో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే మూత్రం, మలవిసర్జన, దాంపత్యం, దేన్లోనూ తేడా లేదు. ముఖద్వారం ఉంచినవాళ్లలో నూటికి ఏడుగురికి నెలనెలా కాస్త రక్తం కనపడటం మాత్రం మానలేదు.

మూడేళ్లు ఆ రక్తంతోనే గదా నా పోరాటం! నూటికి ఏడు అన్నది నాకు చిన్న అంకెలా అనిపించలేదు.

దాని వెనక ఇంకో మనిషి ఉంది. మా మేనత్త. కావలి దగ్గర ఇచ్చారు. ముఖద్వారం క్యాన్సర్. చెన్నై తీసుకెళ్లి కరెంటు పెట్టించారు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. తిరిగొచ్చాక ఆమె గదిలోకి మమ్మల్ని పోనిచ్చేవాళ్లు కాదు. సాంబ్రాణి వాసన వెనక ఇంకో వాసన, అది ఇప్పటికీ గుర్తుంది. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లు దీని పాలిట పడుతున్నారు. ముఖద్వారం ఉంచుకున్నవాళ్లు కొన్నేళ్లకొకసారి పాప్‌స్మియర్ పరీక్ష చేయించుకుంటూనే ఉండాలి. నేను నా గురించి నిజాయితీగా ఆలోచించాను. పళ్లు పుచ్చి ఏడుస్తున్నా వేసవి సెలవులొచ్చేదాకా డాక్టరు దగ్గరికి పోని మనిషిని. ఏ నొప్పీ లేకుండా, గుర్తు పెట్టుకుని, నెల్లూరు వెళ్లి ఆ బల్ల ఎక్కుతానా? ఎక్కను.

ముఖద్వారం తీయించుకుంటానని చెప్పాను. ఆపరేషన్‌కు ముందు పాప్‌స్మియర్ చేశారు, బాగానే ఉంది. నాలాగా కాకుండా ఏడాదికోసారి కచ్చితంగా పరీక్షకు వెళ్లే మా స్నేహితురాలొకామె ఉంచుకుంది. లోపల అంటుకుపోయి ఉండి, ముఖద్వారం తీయబోతే మూత్రాశయానికి దెబ్బ తగులుతుందని డాక్టరే ఉంచేసిన సందర్భాలూ ఉంటాయి. ఎవరి లెక్క వాళ్లది.

* * *

"ఇది నెల్లూరులో చేయగలిగిన ఆపరేషనే, ఇంత దూరం రావద్దు. కానీ ఏం తీయాలో కాగితం మీద రాయించుకో" అని చెన్నై డాక్టరమ్మ చెప్పారు. నెల్లూరులోనే ఇంకో ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఒప్పుకున్నారు.

ఆ సెప్టెంబర్‌లో రొట్టెల పండగ వచ్చింది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని ఆరోగ్య రొట్టె కోసం అడిగాను. ఎవరో కర్ణాటక నుంచి వచ్చినామె, కన్నడంలో ఏదో అంటూ నా చేతిలో పెట్టింది. ఆమెకు ఏ జబ్బు నయమైందో నాకు తెలియదు. అక్కడే నిలబడి తినేశాను. సైన్సు చదివావు, చెరువులో రొట్టె తింటావా అని మా అమ్మాయి ఎగతాళి చేసింది. రెండూ నావే అన్నాను.

డిసెంబర్లో ఆపరేషన్. ముందు రోజు సాయంత్రం నర్సు ఒప్పంద పత్రం తెచ్చింది. ఇంగ్లీషులో అచ్చు వేసిన రెండు పేజీలు. కింద గీత మీద మావారిని సంతకం పెట్టమంది. ఒంట్లోంచి తీసేది నాది, సంతకం ఆయనదా అని నేను తీసుకున్నాను. ఖాళీ స్థలంలో తెలుగులో రాశాను: 'గర్భసంచి, ముఖద్వారం, రెండు ట్యూబులు తీయడానికి ఒప్పుకుంటున్నాను. అండాశయాలు బాగుంటే రెండూ ఉంచాలి. ఒకదానికే జబ్బు ఉంటే ఆ ఒక్కటే తీయాలి. క్యాన్సర్ అనుమానం వస్తే డాక్టరు గారి ఇష్టం.'

నర్సు బిత్తరపోయింది. డాక్టరమ్మ చదివి, "ఇంకా నయం, చక్కటి చేతిరాత" అని నవ్వి, పక్కన తన సంతకం పెట్టారు.

ఇదేదో నా పెంకెతనం అనుకోకండి. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆమెకు 1995లో నా వయసే, 44. పెళ్లి కాలేదు. జబ్బేమిటో తెలుసుకోవడానికి లాప్రోస్కోపీకి సంతకం పెట్టింది. మత్తులో ఉండగా బయటున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని, గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, రోగికి మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి, పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల తీసేయడానికి ఇచ్చినట్టు కాదు, తల్లి సంతకం చెల్లదు అని 2008 జనవరి 16న తీర్పు వచ్చింది. ఆసుపత్రికి ఫీజు కట్టక్కర్లేదన్నారు, పాతిక వేలు పరిహారం ఇమ్మన్నారు. పదమూడేళ్లకు పాతిక వేలు! ఆ తీర్పులోనూ అవే అక్షరాలు, బి.ఎస్.ఓ.

నాకు వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద ఏమీ తెలియదు, పైన మెలకువగానే ఉన్నాను. మధ్యలో ఆకుపచ్చ తెర. అవతల కత్తెరల చప్పుడు, డాక్టర్ల మాటలు. ఎవరో సంక్రాంతికి ఊరెళ్లే టిక్కెట్ల గురించి మాట్లాడుతున్నారు. ఉన్నట్టుండి మాటలు ఆగాయి. డాక్టరమ్మ తెర పక్కనుంచి తల వంచి చూశారు.

"టీచరమ్మా, వినపడుతోందా? ఎడమ అండాశయం నిండా పాత రక్తం గడ్డకట్టి ఉంది. ఫైబ్రాయిడ్ అడ్డం వచ్చి స్కానింగ్‌లో తెలియలేదు. పేగుకు అంటుకుని ఉంది. ఉంచితే నొప్పి తప్పదు. కుడిది మాత్రం చక్కగా ఉంది."

నోరు ఎండిపోయి ఉంది. నాలుగు నెలల చదువు, చెన్నై ప్రయాణం, చేత్తో రాసిన నాలుగు లైన్లు, అన్నీ ఈ ఒక్క నిమిషం కోసమేనా అనిపించింది.

"ఎడమది తీసేయండి. కుడిది ఉంచండి."

"అలాగే" అన్నారావిడ. మళ్లీ కత్తెరల చప్పుడు. నేను పైన లైటు చుట్టూ ఉన్న బల్బులు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. తొమ్మిది.

బయట మావారికి ట్రేలో చూపించారట. ఆయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తరు. పది రోజులకు బయాప్సీ వచ్చింది, క్యాన్సర్ లేదు. డిశ్చార్జి కాగితంలో ఏమేం తీశారో, ఏది ఉంచారో ఒక్కొక్కటీ విడివిడిగా రాసివ్వమని అడిగాను. రాసిచ్చారు. మరుసటి ఏడాది రొట్టెల పండగకు నాలుగు రొట్టెలు చేసుకుని వెళ్లి, అడిగినవాళ్లకు పంచి వచ్చాను.

* * *

అక్కను నెల్లూరు తీసుకెళ్లి ఎముకల స్కానింగ్ చేయించాం. మనం అనుకున్నంతా ఉంది. యాభై దగ్గర పడిందిగా, ఇప్పుడు కొత్తగా హార్మోను మొదలుపెట్టడం వద్దని ఎముకలకు వేరే మందు ఇచ్చారు. వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్క చాలాసేపు మాట్లాడలేదు. కాకుటూరు యూనివర్సిటీ దాటాక, "అయితే నాకు గాలి సోకలేదన్నమాట" అంది. ఇంకో కిలోమీటరు పోయాక, "మీ బావ రెండు బర్రెల్ని అమ్మినాడుమే" అంది. నాకు ఏం చెప్పాలో తెలియక చెయ్యి పట్టుకున్నాను, విరిగి అతికిన చెయ్యి.

నా కుడి అండాశయం ఒంటరిగా ఐదేళ్లకు పైగా కాపురం చేసింది. ముట్టు లేదు కాబట్టి అది ఉందో ఉడిగిందో చెప్పే గుర్తు లేదు. రక్తపరీక్షలో తెలుస్తుందన్నారు గానీ ఊరికే ఎందుకని ఊరుకున్నాను. దాని సంగతి అదే చెబుతుందిలే అనుకున్నాను.

పోయిన వేసవిలో ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. కృష్ణపట్నం వైపు గూడ్సుబండి పోతున్న చప్పుడు. మెడ, వీపు, తలగడ అన్నీ తడిసి ముద్ద. కరెంటు పోయిందేమోనని తలెత్తి చూశాను. ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది.